కేబుళ్ళు ఇవ్వని మనిషి

మొత్తం కంప్యూటరు పెట్టె అమ్మేస్తూ, దాని లోపలి కేబుళ్ళు మాత్రం ఇవ్వనన్నాడు ఆ మనిషి. నా అనుమానం అక్కడ మొదలైంది.

అసలు అనుమానించడమే నా ఉద్యోగం. నానక్‌రామ్‌గూడలో ఒక అద్దాల భవనంలో కూర్చుని, వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాములు ఎక్కడ తప్పుతాయో పట్టుకోవడానికి నాకు జీతమిస్తారు. "అంతా బాగానే ఉంది" అని ఎవరన్నా, ఇంకేదో దాస్తున్నారనే నాకు తోస్తుంది. మా ఆయన దీనికి పూర్తిగా విరుద్ధం. బడిలో లెక్కలు చెబుతారు. హోంవర్కు పుస్తకం ఇంట్లో మరిచిపోయామంటే నమ్మేసే మాస్టారు.

మాకు ఆ పెట్టె కావాల్సి వచ్చింది మా అత్తగారి పాటల కోసం. ఆవిడ గుంటూరులో నర్సుగా చేసేవారు. ఆదివారాలు చర్చిలో పాటల బృందాన్ని నడిపేవారు. ఆవిడ పోయాక, క్యాసెట్లలో ఉన్న ఆ పాటలన్నీ మా ఆయన ఓపిగ్గా కంప్యూటర్లోకి ఎక్కించారు. కొన్ని ఆయన ల్యాప్‌టాప్‌లో, కొన్ని నా ఫోనులో, కొన్ని ఏ సొరుగులో ఉన్నాయో తెలియని పెన్‌డ్రైవుల్లో చెల్లాచెదురుగా ఉండేవి. ఇంట్లోనే ఒక సర్వర్ పెట్టుకుందాం అన్నాను. అంటే ఎప్పుడూ నడుస్తూ ఉండే ఒక కంప్యూటరు. ఒక డిస్కులో ఉన్నదే ఇంకో డిస్కులోనూ ఉంటుంది, ఒకటి పోయినా రెండోది కాపాడుతుంది. డిస్కులు కొత్తవి కొన్నాను. పెట్టె, బోర్డు పాతవైనా చాలనుకున్నాం.

అమ్మకాల గ్రూపులో ఆ మనిషి ప్రకటన చూశాను. మా ఆఫీసుకు దగ్గర్లోనే, ఊరు ఊరుగా మిగిలిన నానక్‌రామ్‌గూడ సందుల్లో ఒక పోర్షనులో ఉంటాడు. ఒక కంపెనీలో ఉద్యోగుల క్యాబులు చూసుకునే పని. కిరాయి పెంచారని ప్రగతి నగర్‌కి మారిపోతున్నాడు. మేము వెళ్ళేసరికి సామాను సగం మూటల్లో ఉంది. పెట్టె నేల మీద మూత తీసి పెట్టి, దాని ముందు గొంతుక్కూర్చుని లోపలి డేటా కేబుళ్ళు ఒక్కొక్కటే పీకేస్తున్నాడు.

"అవెందుకు తీసేస్తున్నారండీ?" అన్నాను.

"ఇవి ఇయ్యను మేడం. కొత్తయి తీస్కోండ్రి."

"పాతవైనా పర్లేదండి. అన్నీ కలిపే కదా మాట్లాడుకున్నాం."

"ఇంకేమన్న అడుగుండ్రి, ఇస్త. గివి మాత్రం అడగకుండ్రి."

కేబుళ్ళన్నీ ఒక క్యారీబ్యాగులో కుక్కి, గట్టిగా ముడి వేసి, మా చేతికి అందనంత దూరంలో కిటికీ గట్టు మీద పెట్టాడు. వంటగది గుమ్మంలో ఆయన భార్య నిలబడి ఉంది. ఆమె మా వైపు చూడటం లేదు. ఆయన్నే చూస్తోంది. "గా పెట్టె ఇంట్లకెల్లి పోతె చాలు. తీస్కపోండ్రి అక్కా" అంది.

ఆటోలో పెట్టెను ఒళ్ళో పెట్టుకుని మణికొండ వస్తుంటే మా ఆయన అన్నారు, "ఇంకో కంప్యూటరుకి కావాలేమోలే."

"అయితే ఆ మాట చెప్పొచ్చుగా? దానికి అంత ముడి వేయడం ఎందుకు?"

"నీకు ముడి కూడా అనుమానమేనా?"

ఇంటికొచ్చి టార్చి వేసి పెట్టెనంతా చూశాను. పక్క రేకు మీద స్టిక్కరు పీకేసిన గుర్తు, చతురస్రంగా, జిగురు ఇంకా వేలికి అంటుతోంది. ఆఫీసు కంప్యూటర్లకు సరిగ్గా అలాంటి చోటే నంబరు స్టిక్కరు అంటిస్తారు. ఇది ఏ ఆఫీసు నుంచో దాటించిన పెట్టె కాదు కదా? ఆ కేబుళ్ళ మీద కూడా ఏవో గుర్తులున్నాయా? మా ఆయనతో అంటే నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు.

సరే, కేబుళ్ళు కొనాలి. బోర్డుకీ డిస్కుకీ మధ్య ఉండే ఆ సన్నటి కేబులును సాటా కేబులంటారు. జానెడు పొడవు, రెండు వైపులా ప్లాస్టిక్ తల. చూడ్డానికి అంత అల్పమైన వస్తువు ఆ పెట్టెలో ఇంకోటి లేదు. కానీ అత్తగారి గొంతు బోర్డు నుంచి డిస్కుకు పోవాలంటే దాని గుండానే పోవాలి. సికింద్రాబాదు కంప్యూటరు బజారులో ఒక కొట్టుకు వెళితే, ఎర్రటి కేబుళ్ళు మేకుకు గుత్తిగా వేలాడుతున్నాయి.

"ఏదైనా ఒకటే మేడం. అన్నీ ఒక్క తీర్గ పనిచేస్తయి" అన్నాడు కొట్టాయన.

ఒకటే అన్నాడంటేనే నాకు గుబులు. గుత్తి కిందికి దించమన్నాను. కొన్నిటి తలకు చిన్న ఇనుప క్లిప్పు ఉంది, డిస్కులో గుచ్చితే టిక్కుమని పట్టుకుంటుంది. కొన్నిటికి లేదు. కొన్నిటి మీద వేగం పెద్ద అక్షరాలతో అచ్చు వేసి ఉంది, పట్టుకుంటే దారంలా పల్చగా ఉన్నాయి. కేబులు మీద ఏం రాసుందన్నది కేబులు తయారుచేసినవాడి ఇష్టం. అక్షరాలు డేటాను మోయవు.

"ఇది దేంతో చేసిందండీ? లోపల రాగేనా?"

"కోసి సూపియ్యాల్నా మేడం?" అన్నాడు విసుగ్గా. తర్వాత మెత్తబడి, "జర నమ్ముండ్రి. ఫికర్ చెయ్యకుండ్రి. పనిచెయ్యకపోతె వాపస్ తీస్కుంట" అన్నాడు.

క్లిప్పు ఉన్నవీ, కాస్త దళసరిగా ఉన్నవీ, అవసరం కన్నా పొడుగు లేనివీ ఏరుకున్నాను. తర్వాత, ఆయన చూడకుండా, పక్క వీధిలో ఇంకో కొట్లో వేరే రకం కూడా కొన్నాను. ఒకే చోట కొన్నవి అన్నీ ఒకే తప్పు చేస్తాయి. అది ఆఫీసు నేర్పిన బుద్ధి.

శనివారం పొద్దున పెట్టె బిగించి, మూత తీసే ఉంచి, పాటలు కాపీ చేయడం మొదలుపెట్టాను. చక్కగా సాగింది. మా ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక పాట పెట్టుకుని వాళ్ళమ్మ గొంతు విన్నారు. భోజనాలయ్యాక మూత బిగించి మిగతావి ఎక్కించబోయాను. కాసేపటికి ఒక డిస్కు మాయమైంది. తెర మీద అసలా డిస్కు లేనే లేదన్నట్టు చూపిస్తోంది. దాని పక్కనున్న డిస్కులో తప్పుల సంఖ్య పెరుగుతూ పోతోంది. పంపిన డేటా చెడిపోయి చేరుతోందని దాని అర్థం.

"చూశారా!" అన్నాను. మొదటి కొట్టాయన మీద పడింది నా అనుమానం. మూత విప్పి ఆయన కేబుళ్ళు పీకేసి, రెండో కొట్టువి పెట్టాను. బాగుంది. మూత బిగించాను. మళ్ళీ అదే రోగం.

రెండు కొట్లూ కూడబలుక్కుని నన్ను మోసం చేయవు కదా. ఆ సాయంత్రమంతా ఆఫీసులో చేసినట్టే చేశాను. ఒకసారికి ఒకటే మార్చడం. అదే కేబులు, అవే పాటలు, మూత తీసి ఒకసారి. మూత ఊరికే ఆనించి ఒకసారి. మరలు బిగించి ఒకసారి. బిగించినప్పుడే చెడుతోంది. మూత లోపలి వైపు టార్చి వేసి చూస్తే, నల్ల రంగు మీద సన్నటి గీతలు వరుసగా మెరుస్తున్నాయి, ఏదో ఒరుసుకున్నట్టు. డిస్కుల అంచుకూ మూతకూ మధ్య ఎంత జాగా ఉందో చూద్దామని అగ్గిపెట్టెను నిలువుగా పెట్టబోతే పట్టలేదు. కేబులు తల తిన్నగా బయటికి పొడుచుకొచ్చి, మూత మూయగానే అక్కడికక్కడే మడతపడుతోంది. ఆ ఒత్తిడికి తల వంకరపోయి, డిస్కుతో పట్టు వదిలేస్తోంది.

దానికి వంపు తల ఉన్న కేబుళ్ళు కావాలి. అంటే తల దగ్గరే పక్కకు తిరిగి, డిస్కు వీపుకు అంటుకుని పోయేవి. వాటిలో మళ్ళీ రెండు రకాలు: ఒకటి పైకి తిరుగుతుంది, ఒకటి కిందికి. నేను తెప్పించినవి పైకి తిరిగేవి. ఒకదాని తల పై డిస్కు కేబుల్ని ఢీకొట్టి కూర్చుంది. మళ్ళీ తెప్పించాను, కిందికి తిరిగేవి. ఈసారి అగ్గిపెట్టె ముక్కతో నమూనా కత్తిరించి, డిస్కు దగ్గర పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసుకుని మరీ. టిక్కుమని పట్టుకున్నాయి. మూత బిగించాను. వారమంతా గమనించాను. ఒక్క తప్పు పడలేదు.

పెట్టె బాగుపడింది కానీ నా అనుమానం బాగుపడలేదు. ఇప్పుడది తిన్నగా ఆ మనిషి మీదికే పోయింది. ఆ పెట్టెలో కేబుళ్ళు మడతపడి ఉంటాయి. అవి చూస్తే లోపం మాకు తెలిసిపోతుంది. అందుకే దాచాడు. తెలిసే అంటగట్టాడు.

ఫోన్ చేశాను. "నమస్తే అండి, మీ దగ్గర కంప్యూటరు పెట్టె కొన్నాం..." అన్నానో లేదో,

"వాపస్ తీస్కోను మేడం" అని పెట్టేశాడు. నేను వాపసు అన్న మాటే ఎత్తలేదు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. మర్నాడు మా ఆయన తన ఫోన్లోంచి చేసి, పెట్టె చాలా బాగుందని, ఊరికే ఒక విషయం అడగాలని తన మెత్తటి గొంతుతో చెబితే, ఆ మనిషి ఎలాగో ఇల్లెక్కడో చెప్పాడు.

ఆదివారం చర్చి అయ్యాక ప్రగతి నగర్ వెళ్ళాం. చెరువు దాటాక రెండో సందు. తలుపు తీసి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. మా వెనక ఆటోలో పెట్టె ఉందేమోనని మెడ చాచి చూశాడు. లోపలి నుంచి భార్య, "ఎవలు? లోపటికి రమ్మను" అని కేకేసింది. అప్పుడు జరిగాడు.

కుర్చీలో కూర్చోకుండానే అడిగాను. "కేబుళ్ళు ఎందుకు ఇవ్వలేదండీ?"

ఆయన నేల చూశాడు. "అవి ఖరాబ్ కేబుల్స్ మేడం. ఎన్ని మార్చినా గంతే. దుకాణానికి తీస్కపోతె మూత ఇప్పి సూస్తరు, మంచిగనే ఉన్నది అంటరు. ఇంటికి తెస్తె మల్ల ఖరాబ్. దుకాణపోళ్ళే లోపట సామాన్లు మారుస్తున్నరని పరేషాన్ అయిన. ఆఖరికి డిస్కే పోయింది. ఫోటోలు, వీడియోలు అన్ని మింగినయి. గవి మీకిస్తె మీయి గూడ మింగుతయి గద."

"ఆ మాట ఆ రోజే చెప్పొచ్చు కదండీ?"

"చెప్తె మీరు పెట్టె కొంటుంటిరా?"

మోసమంటే మోసమే, జాలి అంటే జాలే.

భార్య అందుకుంది. "కేబుల్ మింగిందట అక్కా. వైరు వీడియోలు మింగుతదా? సదువుకున్నోళ్ళు, మీరే చెప్పుండ్రి. అండ్ల మా అమ్మ బతుకమ్మ ఆడిన వీడియోలు ఉండె. మా అమ్మ ఇగ లేదు. మా అమ్మకు ఈయనకు మాటల్లేకుండె. మా అమ్మ వీడియోలున్న డిస్కే పోవాల్నా? ఈయన్నే తీసేసిండేమో."

ఆయన మొహం వాడిపోయింది. ఈ మాట ఆ ఇంట్లో కొత్తది కాదని తెలుస్తూనే ఉంది. నాలాంటి మనిషే ఇంకొకరు ఎదురైనట్టనిపించింది నాకు. ఆమె చూసిన చోటునుంచి చూస్తే, ఆమె అనుమానంలో తప్పు పట్టడానికేమీ లేదు.

"ఆ కేబుళ్ళు ఉన్నాయా?" అన్నాను.

లోపలికెళ్ళి క్యారీబ్యాగు తెచ్చాడు. అదే ముడి. పళ్ళతో విప్పాల్సి వచ్చింది. కేబుళ్ళు బయటకు తీసి బల్ల మీద వరుసగా పరిచాను. రంగులు వేరు, కొన్నచోట్లు వేరు, కానీ అన్నిటికీ తల దగ్గర సరిగ్గా ఒకే చోట మడత. ఒకదాని తల పగిలే ఉంది.

"వీటి తప్పు కాదండి. పెట్టె మూత వీటి మెడలు విరిచింది" అని, మూత గీతల సంగతీ, అగ్గిపెట్టె సంగతీ చెప్పాను. ఆయన కేబులు చేతిలోకి తీసుకుని, మడత దగ్గర బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయాడు. నిజంగానే ఆయనకు తెలియదు. తెలిసిన మనిషి మొహం అలా ఉండదు. ఆ ఒక్క అనుమానం అక్కడ వదులుకున్నాను. స్టిక్కరు గుర్తు సంగతి మాత్రం అడగలేదు. అదేమిటో నాకిప్పటికీ తెలియదు.

"మరి ఆ పాత డిస్కు ఏం చేశారు? అది చచ్చిపోయి ఉండకపోవచ్చు."

ఆయన భార్య వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "బీరువ మీద ఉన్నది" అన్నాడు.

"పారేసిన అన్నవ్ గద!" ఆమె లేచి నిలబడింది.

"అనకపోతె దినాం అడుగుతుంటివి. దుకాణపాయన సచ్చిపోయింది అన్నంక ఏం చెప్పాలె నీకు?"

"సచ్చిపోయిందాన్ని దాసిపెట్టుకున్నవ్?"

"పారెయ్యబుద్ధి కాలే."

పాత తువ్వాలులో చుట్టిన డిస్కు కిందికి దిగింది. మా ఇంటికి తీసుకెళ్ళి చూస్తానన్నాను. ఆమె చెప్పుల్లో కాళ్ళు పెట్టేసింది. "డిస్కు యాడికి పోతె నేనాడికి వస్త" అంది. దాన్ని ఆయన చేతికి గానీ, నా చేతికి గానీ ఇవ్వకుండా మణికొండ దాకా ఒళ్ళోనే పట్టుకుంది.

ఇంట్లో కొత్త వంపు తల కేబులు ఒకటి మిగిలి ఉంది. డిస్కుకు గుచ్చి, దాని మీద ఏమీ రాయకుండా, చదవడానికి మాత్రమే తెరిచాను. కాస్త గరగరమని తిరిగింది. తెర మీద దాని పేరు కనపడింది. అందులోని ఫైళ్ళ అమరిక చెదిరిపోయింది గానీ డిస్కు బతికే ఉంది. ముందు మొత్తం నకలు తీసి, ఆ నకలు మీదే మరమ్మతు చేస్తానని చెప్పాను.

"అసలు దాన్ని ఏం చెయ్యవు గద?" అందామె.

"ముట్టుకోనమ్మా."

స్టూలు తెచ్చుకుని తెరకు ఎదురుగా కూర్చుంది. మధ్యాహ్నమంతా ఆ నకలే నడిచింది. మా ఆయన పప్పూ అన్నం వండి అందరికీ పెట్టారు. ఆమె కంచం పట్టుకుని కూడా తెర నుంచి కళ్ళు తిప్పలేదు. ఆమె భర్త మాత్రం బాల్కనీలోనే నిలబడ్డాడు, తీర్పు కోసం కోర్టు బయట నిలబడ్డవాడిలా.

ఎండ తగ్గే వేళకు ఫోల్డర్లు కనపడ్డాయి. కొన్ని వీడియోలు తెరుచుకోలేదు. ఒకటి తెరుచుకుంది. ఇంటి ముందు వాకిలి, మధ్యలో పూల బతుకమ్మ, చుట్టూ ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. పచ్చ చీరలో ఒక పెద్దావిడ పాట ఎత్తుకుంటోంది, మిగతావాళ్ళు అందుకుంటున్నారు. స్టూలు మీద ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇంతలో వీడియోలో, ఫోను పట్టుకున్న మనిషి గొంతు దగ్గరగా వినపడింది. "అత్తమ్మా, జర గిటు సూడు."

పెద్దావిడ తిరిగి చూసి, పాట ఆపకుండానే నవ్వి, పో అన్నట్టు చెయ్యి విసిరింది.

స్టూలు మీదామె గిరుక్కున బాల్కనీ వైపు తిరిగింది. "ఇది నువ్ తీసినవా?"

"ఆ."

"ఎప్పుడు?"

"నువ్ ఇంకిన్ని పూలు తేనీకి పోయినవ్ గద, గప్పుడు."

"నాకెందుకు చెప్పలే?"

"ఏం చెప్పాలె? నీకు సూపియ్యకముందే పాయె."

ఆమె తెర వైపు తిరిగింది. మళ్ళీ పెట్టమంది. ఆ గొంతు వచ్చే చోటు దాటాక ఇంకోసారి వెనక్కి జరపమంది. ఆయన లోపలికొచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. ఆమె పొమ్మనలేదు.

వాళ్ళు బయల్దేరేముందు నన్ను వంటగదిలోకి పిలిచింది. "నిజం చెప్పక్కా. గా తెరుసుకోనియి ఆయన తీసేసినయా, ఖరాబ్ అయినయా?"

నేను అప్పటికే చూశాను. ఎవరైనా చెరిపేసిన ఫైళ్ళు అలా ఉండవు. ఇవి పేర్లతో సహా ఉన్నాయి, సగం రాసి మధ్యలో తెగిపోయాయి. ఆ మాటే చెప్పాను. ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది, నేను ఆయన పక్షమేమోనని తూకం వేస్తున్నట్టు. ఆ చూపుకు నాకు కోపం రాలేదు. నేనైనా అలాగే చూసేదాన్ని.

వచ్చినవన్నీ పెన్‌డ్రైవులో వేసి ఇచ్చాను. దాన్ని పర్సులో పెట్టుకుని, "ఒకటి మీ డబ్బాల గూడ ఉంచు. ఈ ఇంట్లనైతె ఆయన చెయ్యి తగలది" అంది, ఆయన వినేటట్టే. ఆయన మొదటిసారి నవ్వాడు.

ఆ వీడియోలు మా సర్వర్‌లో ఉన్నాయి, అత్తగారి పాటల పక్క ఫోల్డరులో. అప్పుడప్పుడు ఆమె ఫోన్ చేస్తుంది.

"అక్కా, ఉన్నయా?"

"ఉన్నాయమ్మా."

"గట్లనే చెప్పుడు కాదు. తెరిసి సూసి చెప్పు."

నేను లేచి వెళ్ళి, తెరిచి, చూసి, అప్పుడు చెబుతాను.